మా నవ్వులకు ఫోటోల్లేవు

మా నాయనమ్మకి ఒకే ఒక్క ఫోటో ఉంది. ఓటు కార్డు మీద.

1993లో ఎన్నికల కమిషన్ ఓటర్లందరికీ ఫోటో గుర్తింపు కార్డులివ్వాలని ఆదేశించింది. అట్టా మా పల్లెకి కెమెరా వచ్చింది. బడి వరండాలో వరసన కూచోబెట్టి తీశారంట. నాయనమ్మ మిరప్పొలం నించి నేరుగా వచ్చి కూచుంది. నుదుటి మీద చెమట కూడా తుడుచుకోలేదు. 2001లో ఆమె చనిపోతే ఆ బొమ్మనే పెద్దది చేయించి గోడకి తగిలించాం. పెద్దది చేసేకొద్దీ మొఖం చెదిరిపోయింది. ఆమె నవ్వితే ఎట్టా ఉండేదో నా పిల్లలకి చూపించడానికి ఇంట్లో ఏమీ లేదు.

మాది చీరాల పక్కన పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు గవర్నమెంటు బడిలో సోషల్ చెబుతున్నాను. చరిత్రకి ఆధారాలేమిటంటే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు అని పిల్లలకి చెప్పాలి. మా పల్లెకి శాసనం ఎవడు వేయించాడు? నాణెం మా చేతుల్లో ఎన్నాళ్లు నిలిచింది? అందుకే నేను ఫోటోల గురించి రాస్తున్నాను.

మన ఫోటోలు అసలే లేవని కాదు. తీసినోళ్లు వేరు, తీసిన పని వేరు. 1857 తిరుగుబాటు తర్వాత ఏలుతున్న జనాన్ని గుర్తుపట్టాల్సిన అవసరం ఇంగ్లీషోళ్లకి వచ్చింది. 1868 నించి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఫోటోలతో ఎనిమిది సంపుటాలు వేశారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో 1909లో దక్షిణ దేశపు కులాల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ముక్కులు కొలిచాడు, తలలు కొలిచాడు. మాల, మాదిగల మీద కూడా పేజీలున్నాయి. ఆ పుస్తకాల్లో మనిషి మనిషి కాదు. కులానికి నమూనా.

తర్వాత పేపర్లోకి ఎక్కాం. 1985 జులై 17న కారంచేడులో మావాళ్లని చంపారు. తప్పించుకున్నోళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. అప్పటికి నేను పుట్టలేదు. ఆ ఫోటోలు చూస్తా పెరిగాను. 1991 ఆగస్టు 6న చుండూరు. మళ్లీ ఫోటోలు. అవి ఉండాలి, కాదనను. అవి సాక్ష్యం. కానీ కొలిచేటప్పుడొక ఫోటో, చంపినాకొక ఫోటో అయితే మధ్యలో మేం బతికిన బతుకు సంగతేంటి?

2003 ఎండాకాలం సెలవుల్లో చీరాలలో ఒక స్టూడియోలో పనికి కుదిరాను. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఊడవడం, వెనక తెర మార్చడం, రీలు ఎక్కించడం నా పని. అక్కడ బీరువాలో ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది, బరోడాలో తయారైంది. రీలుకి పన్నెండు చదరపు బొమ్మలు. దాంతో తీసిన పాత ఆల్బములు చూశాను. డాబా మీద స్నేహితులు, రేడియో పక్కన కొత్త కోడలు, కేకు ముందు పిల్లోడు. అన్నీ ఊరి ఇళ్లే. వాటిల్లో మావాళ్లు లేరా అంటే ఉన్నారు. ఒక మూల విస్తళ్లు ఎత్తే చెయ్యి. గొడ్లచావిడి దగ్గర సగానికి తెగిన మనిషి.

ఆ ఏడే నా క్లాసుమేటు పుట్టినరోజుకి పిలిచాడు. మంచోడే. వాళ్ల నాన్న కోడక్ కేబీ టెన్ కెమెరా కొన్నాడు. నాకు కెమెరా తెలుసు గదా అని నా చేతికిచ్చారు. ఎంత గర్వమనిపించిందో! ముప్పై ఆరు బొమ్మలూ తీశాను. కేకు కోసింది, ఒకరికొకరు తినిపించుకుంది, భుజాల మీద చేతులేసుకుని నిలబడింది. "నువ్వూ రారా, నేను తీస్తా" అని ఒక్కడూ అన్లేదు. లోపల అందరికీ ప్లేట్లు. నాకు వరండాలో కాయితం మీద కేకు ముక్క. రీలు కడిగించినాక నేనే తీసుకెళ్లి ఇచ్చొచ్చాను. ప్రతి ఫోటోలో వాళ్లంతా నా వంక చూసి నవ్వుతున్నారు. నేను మాత్రం ఎక్కడా లేను.

అమ్మతో చెప్పా. "వాళ్లింటో నీ ఫోటో ఎందుకు నాయనా, మనింటో నవ్వుకునేటప్పుడు తీసుకో" అంది.

మా పల్లెలో పార్టీ అనే మాట లేదు. క్రిస్మస్ ఉంది, ఏప్రిల్ 14 ఉంది, కొత్తింటి ప్రార్థన ఉంది. ఆ డిసెంబరులో కూలి డబ్బులతో రీలు కొన్నాను. స్టూడియో ఆయన ఒక్క రాత్రికి కెమెరా ఇచ్చాడు. వెదురుబద్దల స్టారు, మా మావ డప్పు, నులక మంచం మీద ఒకళ్లమీదొకళ్లు పడి కూచున్న మా జట్టు. "ఒరే, నువ్వు కూడా దిగాల" అని మా చిన్నాన్న కొడుకు కెమెరా లాక్కుని తీశాడు. వంకరగా వచ్చింది. నా నెత్తి సగం తెగింది. అయినా అందులో నేనున్నాను.

ప్రింట్లు వస్తే మొఖాలు చీకటి. పళ్లు, తెల్లచొక్కాలు మాత్రం కనిపిస్తున్నాయి. "మీవోళ్లు నలుపు గదరా" అని స్టూడియోలో నవ్వారు. నేనూ నమ్మాను. చాలా ఏళ్లకి చదివి తెలుసుకున్నాను. ప్రింట్ల రంగు సరిచూడటానికి కోడక్ కంపెనీ తెల్ల ఆడమనిషి బొమ్మ ఉన్న కార్డు పంపేది. షర్లీ కార్డంటారు. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. ఆ కొలతలో మేం లేం. థర్‌స్టన్ కొలిచిందీ మమ్మల్నే, ఈ కొలతలో వదిలేసిందీ మమ్మల్నే.

2012లో ఆ కోడక్కే దివాలా పిటిషను వేసింది. ఇప్పుడు మా పిల్లల సెల్లులో వేల ఫోటోలు. సెల్లు పగిలితే అన్నీ పోతున్నాయి. పోయినేడు నా క్లాసులో ఇంటినించి ఒక పాత ఫోటో తెమ్మన్నాను. వెనకాల ఎవరెవరు, ఎక్కడ, ఎవరు తీశారు రాయమన్నాను. కొందరు ఆల్బములు తెచ్చారు. కొందరు అవ్వ ఓటు కార్డు తెచ్చారు. ఒక పిల్ల ఉత్త చేతుల్తో వచ్చి తలొంచుకుంది. "మీ అవ్వ నవ్వితే ఎట్టా ఉంటదో రాయమ్మా" అన్నాను. పేజీ నిండా రాసింది.

చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ట్రంకుపెట్టె తెరవండి. పెద్దోళ్లు ఉండగానే పేర్లు అడగండి, రాయండి. నేను ఆ మంచం ఫోటో వెనక పదకొండు పేర్లు రాశాను. రెండు మొఖాలు చీకట్లో ఉన్నాయి. అమ్మనడిగి అవి కూడా రాస్తాను.