ఐ డయాగ్రమ్: కన్ను మూసినా బతికే లింకు

సిగ్నల్‌లోని వేల బిట్లను ఆసిలోస్కోప్ తెరపై ఒకదాని మీద ఒకటి పరిస్తే నడుమ కన్ను ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ‘ఐ డయాగ్రమ్’ అన్న పేరు ఆ రూపం వల్లే వచ్చింది.  1980ల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మధ్య ప్రాథమిక డిజిటల్ లైను వేగం సెకనుకు 2.048 మెగాబిట్లు, అందులోనే 30 సంభాషణలు. ఇప్పుడు చిప్‌ల మధ్య లింకుల్లో ఒక్కో లేనులో (దారిలో) సెకనుకు 112 గిగాబిట్లు పోతున్నాయి. ఆ వేగానికి రాగి దారిలో బిట్లు ఒకదానిలోకి ఒకటి అలుక్కుపోయి కన్ను మూసుకుంటుంది. మన భాషలో కన్నుమూస్తే అంతే సంగతులు! ఇక్కడ మాత్రం ఆ అలుకుడును సరిదిద్దే ఈక్వలైజర్ రిసీవర్‌లో ఉండి కన్నును మళ్లీ తెరిపిస్తుంది. ఏ మేరకు తెరుచుకుంటుందో సర్క్యూట్ బోర్డు చేయకముందే సిమ్యులేషన్‌లో చూసుకుంటారు. ఇంత వేగానికి వాడే పామ్-4 పద్ధతిలో వోల్టేజీ మెట్లు నాలుగు, కళ్లు మూడు. ముక్కంటి అన్నమాట. వాటిలో బాగా ఇరుకైన కన్నే లింకు జాతకం చెబుతుంది.