ప్రాథమిక తరగతుల్లో మార్గదర్శక పాఠాలు: సచిన్ వంటి వలస కార్మిక ప్రాంతాలకు ఎందుకు అవసరం?

పాఠశాల కౌన్సెలర్ అనగానే అల్లరి చేసిన పిల్లవాడిని వేరే గదికి పిలిచి బుద్ధి చెప్పే వ్యక్తిగా చాలామంది భావిస్తారు. ప్రాథమిక స్థాయిలో కౌన్సెలర్ పనిలో ముఖ్యమైన భాగం మాత్రం తరగతి గదిలోనే జరుగుతుంది. భయం, కోపం, స్నేహం, తగాదా, శరీర భద్రత వంటి అంశాలను పిల్లలందరికీ ఒకేసారి, వయసుకు తగిన రీతిలో బోధించడాన్ని మార్గదర్శక పాఠం అంటారు. దీనికి మార్కులు, పరీక్షలు ఉండవు. ఇది చికిత్స కూడా కాదు. కష్టం వచ్చినప్పుడు ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో పిల్లలకు ముందుగానే నేర్పడమే దీని లక్ష్యం.

సచిన్ నేపథ్యం

గుజరాత్‌లోని సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ ఒకప్పుడు సిద్దీ నవాబుల పాలనలోని చిన్న సంస్థానం. నేడు అది మరమగ్గాలు, అద్దకం మిల్లులు, రసాయన కర్మాగారాలతో నిండిన పారిశ్రామిక వాడ. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలు ఇక్కడ నివసిస్తున్నాయి. సూరత్ వస్త్ర పరిశ్రమలో తెలంగాణ చేనేత కుటుంబాలకు కూడా తరాల అనుబంధం ఉంది. నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడపడం ఈ వలస చరిత్రకు నిదర్శనం.

ఇటువంటి ప్రాంతంలో పిల్లల సమస్యలు ప్రత్యేకంగా ఉంటాయి. మగ్గాల మీద పన్నెండు గంటల పాళీలు సాధారణం. రాత్రి పాళీ చేసిన తండ్రి పగలు నిద్రిస్తాడు, కనుక బిడ్డతో మాట్లాడే సమయం తక్కువ. పండుగకో, పంట పనులకో స్వగ్రామానికి వెళ్లిన కుటుంబం తిరిగి వచ్చేసరికి పాఠాలు ముందుకు సాగిపోతాయి, పాత స్నేహితులు కొత్త జట్లు కట్టి ఉంటారు. ప్రమాదాల భయం కూడా ఉంది. 2022 జనవరి 6న సచిన్ పారిశ్రామిక వాడలో ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాలను పారబోస్తుండగా వెలువడిన విషవాయువుకు ఆరుగురు మరణించారు. అటువంటి వార్త విన్న పిల్లవాడు, పనికి వెళ్లిన తండ్రి తిరిగి వస్తాడా అని లోలోపలే భయపడవచ్చు. ఆ భయాన్ని చెప్పుకోవడానికి అతనికి మాటలూ కావాలి, వినే మనిషీ కావాలి.

పాఠం ఎలా సాగుతుంది?

సాధారణంగా ఒక్కో పాఠం అరగంటకు మించదు. ఒకటి, రెండు తరగతుల్లో బొమ్మ ముఖాలు చూపి సంతోషం, దుఃఖం, భయం, కోపం వంటి భావాలకు పేర్లు పెట్టడం నేర్పుతారు. కోపం వచ్చినప్పుడు పది వరకు లెక్కించడం, నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం వంటివి ఆటగా చేయిస్తారు. మూడు నుంచి ఐదు తరగతుల్లో ఒక చిన్న కథ చెప్పి, పిల్లల చేత పాత్రలు ధరింపజేస్తారు. ఉదాహరణకు, తరగతిలో చేరిన కొత్త పిల్లవాడి యాసను ఇతరులు వెక్కిరిస్తారు. వెక్కిరించినవాడు, బాధపడినవాడు, చూస్తూ ఊరుకున్నవాడు అనే మూడు పాత్రలనూ పిల్లలు మార్చి మార్చి పోషిస్తారు. చూస్తూ ఊరుకున్నవాడు ఏం చేసి ఉండవచ్చన్న ప్రశ్న దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది.

శరీర భద్రత పాఠంలో మూడు మెట్లు ఉంటాయి: వద్దని గట్టిగా చెప్పడం, అక్కడి నుంచి వెళ్లిపోవడం, నమ్మకమైన పెద్దలకు తెలపడం. తప్పు పిల్లలది కాదన్న మాటను ప్రతిసారీ స్పష్టంగా చెప్పాలి. పాఠం తరువాత ఎవరైనా విడిగా మాట్లాడాలనుకుంటే కౌన్సెలర్ సమయం కేటాయిస్తారు. అయితే అన్ని విషయాలనూ గోప్యంగా ఉంచుతామని వాగ్దానం చేయరాదు. లైంగిక వేధింపు జరిగినట్లు తెలిస్తే పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి.

భాష ఎందుకు కీలకం?

లెక్కలను రెండో భాషలో నేర్చుకోగలిగిన బిడ్డ కూడా భయాన్ని మాత్రం ఇంటి భాషలోనే సులభంగా చెబుతుంది. తెలుగులో ‘బెంగ’ అన్న ఒక్క మాటలో ఇమిడిన బాధను కొత్తగా నేర్చిన భాషలో వివరించడం ఏడేళ్ల పిల్లలకు కష్టం. అందుచేత బహుభాషా తరగతిలో భావాల పట్టికను పిల్లల ఇంటి భాషలన్నింటిలో రాయించడం ఉపయోగకరం. ఇందుకు ఖర్చు లేదు, తల్లిదండ్రుల సహకారం చాలు.

చట్టం, విధానం

ప్రాథమిక పాఠశాలలో అత్యంత దిగువ తరగతి నుంచే మార్గదర్శనం మొదలు కావాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. 29వ సెక్షన్ బిడ్డను భయం, ఆందోళనల నుంచి విముక్తం చేయాలనీ, సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధన జరగాలనీ పేర్కొంది. అయితే ఆ చట్టం నిర్దేశించిన సిబ్బంది జాబితాలో ప్రాథమిక స్థాయికి కౌన్సెలర్ పోస్టు లేదు. 2020 జాతీయ విద్యావిధానం పాఠశాలలకు కౌన్సెలర్లు, సామాజిక కార్యకర్తలు అవసరమని గుర్తించింది.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు జారీ చేసింది. వంద లేదా అంతకుమించి విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, మనస్తత్వ నిపుణుడిని లేదా సామాజిక కార్యకర్తను నియమించుకోవాలనీ, చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలనీ ఆదేశించింది. అమెరికా పాఠశాల కౌన్సెలర్ల సంఘం ఒక్కో కౌన్సెలర్‌కు 250 మంది విద్యార్థులు మించరాదని సిఫారసు చేస్తోంది.

కౌన్సెలర్ లేని చోట

కౌన్సెలర్ లేని పాఠశాలలో ఈ బాధ్యత తరగతి ఉపాధ్యాయుల మీదనే పడుతుంది. వారానికి ఒక పీరియడ్‌ను ఇందుకు స్థిరంగా కేటాయిస్తే భావాల పాఠాలు, స్నేహ పాఠాలు వారే చెప్పగలరు. తీవ్రమైన బాధ, హింస, వేధింపుల సూచనలు కనిపిస్తే మాత్రం నిపుణుల సహాయం తీసుకోవాలి. ఇంట్లో తల్లిదండ్రులు ‘ఈ రోజు ఎన్ని మార్కులు?’ అన్న ప్రశ్నకు ముందు ‘ఈ రోజు బడిలో ఎవరితో ఆడుకున్నావు?’ అని అడగడం మంచిది.

ఆపదలో ఉన్న పిల్లల కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098ని, మానసిక ఆరోగ్య సలహా కోసం టెలీ మానస్ 14416ని ఉచితంగా సంప్రదించవచ్చు.