జూలీ డాష్

జూలీ డాష్ (జననం: 1952 అక్టోబరు 22) అమెరికాకు చెందిన సినీ, టెలివిజన్ దర్శకురాలు, రచయిత్రి, నిర్మాత. ఈమె 1991లో నిర్మించిన డాటర్స్ ఆఫ్ ది డస్ట్, అమెరికా సినిమా థియేటర్లలో సాధారణ ప్రదర్శనకు విడుదలైన తొలి ఆఫ్రికన్-అమెరికన్ మహిళా దర్శకురాలి కథాచిత్రం. ఇక్కడ విడుదల అన్నదే ముఖ్యం. కాథ్లీన్ కాలిన్స్ 1982లోనే లూజింగ్ గ్రౌండ్ అనే కథాచిత్రాన్ని తీసింది. కాని ఆమె 1988లో మరణించేనాటికి దానికి ఆ భాగ్యం కలుగలేదు.

బాల్యం, విద్య

డాష్ న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో పెరిగింది. ఆమె తండ్రి వంశం దక్షిణ కరోలినా తీరప్రాంతపు గల్లా జాతికి చెందినది. న్యూయార్క్ సిటీ కళాశాలలో పట్టభద్రురాలై, అనంతరం లాస్ ఏంజలెస్‌లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోను, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోను చదివింది. ఆ విశ్వవిద్యాలయం నుండి వెలువడిన నల్లజాతి దర్శకుల బృందాన్ని తరువాతి విమర్శకులు ఎల్.ఏ. రెబెలియన్ అని పేర్కొన్నారు.

ఇల్యూజన్స్ (1982)

ఇది అరగంటకు కొద్దిగా మించిన లఘుచిత్రం. కథాకాలం 1942. హాలీవుడ్ స్టూడియోలో ఉన్నతోద్యోగం చేస్తున్న మిన్యాన్ నల్లజాతి స్త్రీ. ఛాయ తెలుపు కావడంతో అందరూ ఆమెను శ్వేతజాతీయురాలిగానే భావిస్తుంటారు. అదే స్టూడియోలో ఒక నల్లజాతి యువతి శ్వేతజాతి నటికి నేపథ్య గానం అందిస్తుంది. గొంతు ఒకరిది, తెరపై ముఖం మరొకరిది. హాలీవుడ్‌ను ఇంత క్లుప్తంగా, ఇంత సూటిగా నిలదీసిన చిత్రాలు అరుదు.

డాటర్స్ ఆఫ్ ది డస్ట్

కథ 1902లో, జార్జియా, దక్షిణ కరోలినా తీరాన గల సీ ఐలాండ్స్ దీవులలో జరుగుతుంది. బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల సంతతివారైన గల్లాలు ప్రధాన భూభాగానికి దూరంగా ఉండుటచే తమ భాషను, ఆచారాలను చాలవరకు నిలుపుకొన్నారు. పీజంట్ కుటుంబం ఉత్తరాదికి వలసపోయే ముందు కలిసి భోజనానికి కూడుతుంది; ముసలి అవ్వ నానా మాత్రం పూర్వీకులను విడిచి రానంటుంది. ఇంకా పుట్టని బిడ్డ కథ చెప్పడం ఇందులోని విశేషం. పాత్రలు గల్లా యాసలోనే మాట్లాడతాయి. నీలిమందు తయారీలో పనిచేసిన బానిసల చేతులకు అంటిన నీలిరంగును డాష్ బానిసత్వపు గుర్తుగా చూపింది. అన్నేళ్లపాటు ఆ రంగు నిలువదని తెలిసే ఆమె అలా చేసింది.

సుమారు 8 లక్షల డాలర్లతో ఈ చిత్రం పూర్తయింది. ఛాయాగ్రాహకుడు ఆర్థర్ జాఫాకు 1991 సన్‌డాన్స్ చిత్రోత్సవంలో బహుమతి లభించింది. 1992 జనవరిలో న్యూయార్క్‌లో విడుదలై మంచి ఆదరణ పొందింది.

టెలివిజన్ రంగం

ఇంత ప్రశంస లభించినా హాలీవుడ్ స్టూడియోలు ఆమెకు మరొక కథాచిత్రం అప్పగించలేదు. అందుచేత ఆమె టెలివిజన్‌కు మళ్లింది. ఫన్నీ వాలెంటైన్స్ (1999), లవ్ సాంగ్ (2000) తరువాత, 1955లో మాంట్‌గమరీ బస్సులో సీటు వదలక అరెస్టయిన రోజా పార్క్స్ జీవితాన్ని 2002లో ది రోజా పార్క్స్ స్టోరీగా తీసింది. ఏంజెలా బాసెట్ ప్రధాన పాత్రధారిణి. దీనికి డాష్ పేరు డైరెక్టర్స్ గిల్డ్ పురస్కారానికి ప్రతిపాదించబడింది. 2017లో, దర్శకులందరూ మహిళలే అయిన క్వీన్ షుగర్ ధారావాహికలో కొన్ని భాగాలకు దర్శకత్వం వహించింది.

డాటర్స్ ఆఫ్ ది డస్ట్ 2004లో, ఇల్యూజన్స్ 2020లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చబడ్డాయి. 2016లో గాయని బియాన్సే దృశ్య ఆల్బమ్ లెమొనేడ్‌లో డాటర్స్ ఆఫ్ ది డస్ట్ ఛాయలు కనబడటంతో కొత్త తరం దృష్టి దానిపై పడింది. అదే ఏడాది పునరుద్ధరించిన ప్రతి థియేటర్లలో మళ్లీ విడుదలయింది.