గోడ దాటి వచ్చిన గాజుపోగు

నిచ్చెన కరెంటు స్తంభానికి ఆనించి ఉంది. పైమెట్టు మీద ఒక కుర్రాడు, భుజాన నల్ల తీగ చుట్ట. కింద నిచ్చెన పట్టుకున్న రెండోవాడు తలెత్తి, "పై వైర్లకి తగలకురోయ్" అని హెచ్చరిస్తున్నాడు. తెనాలిలో మా పిన్ని ఇంటి ముందు పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. కుర్రాడి చేతులకు గ్లవ్స్ లేవు, నడుముకు బెల్టు లేదు. వాడు దిగేదాకా నా కళ్ళు ఆ మెట్టు మీదే ఉన్నాయి. ఇంటింటికీ ఇంటర్నెట్టు ఇచ్చేవాళ్ళు ఈ కుర్రాళ్ళకి బెల్టు కూడా ఇవ్వాలి.

స్తంభానికి కట్టిన ప్లాస్టిక్ పెట్టె మూత తీశాడు. లోపల సన్నటి తీగలు, ఒక్కోదానికీ ఇంటి గుర్తు రాసిన టేపు ముక్క. కేబుల్ ఆఫీసు నుంచి ఒకే గాజుపోగులో బయల్దేరిన కాంతి ఇక్కడే పంపకమవుతుంది. దీన్ని స్ప్లిటర్ అంటారు. ఒక పోగు ఎనిమిదిగా, పదహారుగా, ముప్పై రెండుగా విడిపోవచ్చు. రెండుగా విడిపోతే ఒక్కొక్కరికీ వచ్చేది సగం వెలుగే. అందుకే కుర్రాడు తీగ కలపకముందే జేబులోంచి చిన్న మీటరు తీసి, ఖాళీగా ఉన్న పోర్టుకి పెట్టి చూశాడు.

"మైనస్ పంతొమ్మిది ఉంది సార్, బాగుంది" అన్నాడు పైనుంచి.

ఆ లెక్క తెలుసుకుని ఉంటే మంచిది. సున్నా అంటే ఒక మిల్లీవాట్ వెలుగు. మైనస్ పది అంటే అందులో పదో వంతు, మైనస్ ఇరవై అంటే నూరో వంతు. మూడు అంకెలు, అంటే మూడు డీబీ, కిందికి దిగితే వెలుగు సగమైనట్టు. మైనస్ ఇరవై ఏడు దాటిందంటే ఇంట్లో పెట్టె తడబడటం మొదలుపెడుతుంది, నెట్టు వస్తూ పోతూ ఉంటుంది. కొత్త కనెక్షన్ తీసుకునే ఎవరైనా ఎన్ని ఎంబీపీఎస్ అని అడుగుతారు. ఈ మీటరు అంకె కూడా అడగాలి. రేపు వాన పడ్డాకో, ఎవరి లారీయో తీగను లాగేశాకో నెట్టు మందగిస్తే, మొదటిరోజు అంకెతో పోల్చి చూసుకోవచ్చు.

తీగ వీధి దాటి పిన్ని ఇంటి సన్‌షేడ్ దగ్గరికి వచ్చింది. అక్కడ పాత కేబుల్ టీవీ వైరు ఇంకా వేలాడుతోంది, చిటికెన వేలంత మందం, పైతొడుగు ఎండకి పగిలిపోయింది. ఈటీవీ, జెమినీ మొదలైన 1995 తర్వాత వేయించుకున్న వైరు. అది రాగి వైరు. దూరం పోయేకొద్దీ బొమ్మ మసకబారుతుంది కాబట్టి మధ్యమధ్యలో స్తంభాల మీద యాంప్లిఫయర్లు పెట్టేవాళ్ళు. అవి ఉన్న వీధిలో కరెంటు పోతే మన ఇంట్లో కరెంటున్నా టీవీ పోయేది. ఇప్పుడు ఆఫీసుకీ పిన్ని హాలుకీ మధ్య కరెంటు కావలసిన పరికరం ఒక్కటీ లేదు. గాజుకి ఆ అవసరం లేదు. గాజులో కరెంటు పారదు కూడా. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ వాళ్ళు రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే రాష్ట్రమంతా ఫైబరు లాగడానికి ఆ గుణం కలిసొచ్చింది. కోనసీమలో మోరి గ్రామానికి 2016 చివర్లోనే ఇంటింటికీ ఫైబరు చేరింది.

కిటికీ పక్క కన్నంలోంచి తీగ హాల్లోకి వచ్చింది. "పిన్నిగారూ, ఫ్యాను కట్టెయ్యండి" అన్నాడు కుర్రాడు, నా పిలుపే అందుకుని. ఆమె మురిసిపోయి ఫ్యాను కట్టేసింది. వాడు నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. అసలు పనితనం ఇప్పుడు మొదలవుతుంది.

నల్ల తొడుగుని గోటితో చీల్చాడు. పక్కనున్న ఉక్కు తీగ వేరైంది, దాని మధ్యలోంచి కంటికి ఆనీ ఆనని పోగు బయటికొచ్చింది. స్ట్రిప్పరుతో దానిమీది పూత లాగేశాడు. మిగిలిన గాజు మందం 125 మైక్రాన్లు, మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే నడిమి దారి తొమ్మిది మైక్రాన్లే. దూదిని స్పిరిట్‌లో ముంచి పోగుని తుడిచాడు. తుడుస్తుంటే కిర్రుమని సన్నగా వినబడింది. "ఆ చప్పుడొస్తేనే శుభ్రమైనట్టు సార్." తర్వాత క్లీవరులో పెట్టి నొక్కాడు. ఒక చిన్న ముక్క తెగి పడింది. దాన్ని వేలితో ముట్టకుండా టేపు ముక్కకి అంటించి డబ్బాలో వేసుకున్నాడు. నేల మీద పడితే కనబడదు, కాల్లో దిగితే దొరకదు. చెప్పకపోయినా ఆ జాగ్రత్త తీసుకున్న పనివాడంటే నాకు గౌరవం కలిగింది.

స్ప్లైసింగ్ మిషను మూత వేశాడు. చిన్న తెర మీద బయటి పోగు కొసా, లోపలి తెల్లతీగ పోగు కొసా ఎదురెదురుగా పెద్దవిగా కనబడుతున్నాయి. వాటంతటవే పైకీ కిందికీ జరిగి సూటిగా నిలిచాయి. ఒక్క మెరుపు. రెండు గాజులు కరిగి ఒకటయ్యాయి. నష్టం 0.01 డీబీ అని తెర చెప్పింది. గాజులో కాంతి దూరం పోలేకపోవడానికి కారణం గాజు కాదు, అందులోని మలినాలేనని 1966లో చూపించినవాడు చార్లెస్ కావ్. దానికే 2009లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆయన లెక్క ఇవాళ ఈ గచ్చు మీద, ఈ కుర్రాడి వేళ్ళ మధ్య పనిచేస్తోంది.

"టీవీ వెనకాల పెట్టేద్దామా సార్?"

ఇక్కడ నేను ఒప్పుకోలేదు. తీగ పొదుపు కోసం చాలా ఇళ్ళలో పెట్టెను గుమ్మం పక్కనో టీవీ వెనకో పెట్టేస్తారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వెనకగదిలో నెట్టు రాదని తిట్టుకుంటారు. పిన్ని ఇంట్లో పద్నాలుగు అంగుళాల ఇటుక గోడలు. హాలుకీ పడగ్గదికీ మధ్య గోడకి ఇనప బీరువా ఆనించి ఉంది, దాని తలుపుకి నిలువుటద్దం. రేడియో తరంగాలకు ఇనుమూ అద్దం వెనక పూతా పెద్ద అడ్డు. నడవాలో, స్విచ్‌బోర్డు పక్కన, మనిషి ఎత్తులో పెడితే మూడు గదులకీ ఒక్క గోడే అడ్డం. "ఇంకో ఏడెనిమిది మీటర్ల తీగ పడుతుంది" అన్నాడు. డబ్బులిస్తానన్నాను. పిన్ని మాత్రం గోడకి ఇంకో మేకా అని ఒక్క క్షణం ఆలోచించి, "సరే, వంకర లేకుండా కొట్టు బాబూ" అంది.

లోపలి తెల్లతీగ లాగి, కొసన ఎర్ర లేజరు పెన్ను పెట్టాడు. గుమ్మం మూల తిరిగేచోట తీగ ఎర్రగా వెలిగింది. లోపలే ఉండాల్సిన వెలుగు అక్కడ బయటికి కారిపోతోంది. క్లిప్పు ఊడదీసి, మూలని గుండ్రంగా తిప్పి మళ్ళీ కొట్టాడు. ఎరుపు మాయమైంది. పచ్చరంగు పిన్ను పెట్టెకి గుచ్చేముందు మళ్ళీ మీటరు: మైనస్ పంతొమ్మిదిన్నర.

కరెంటు ఇచ్చాం. పవరు దీపం వెలిగింది. పాన్ అని రాసున్న దీపం మిణుకు మిణుకుమంటోంది. పెట్టె అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్‌కి పంపాడు కుర్రాడు. అక్కడ దాన్ని ఎక్కించుకోగానే ఆఫీసులోని పెట్టే, మన పెట్టే మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఆఫీసు నుంచి వచ్చే వెలుగు ముప్పై రెండు ఇళ్ళకీ ఒకటే. ఏ పెట్టెకా పెట్టె తనది తాను ఏరుకుంటుంది. తిరుగుదారిలో అందరూ ఒకేసారి పంపితే కలగాపులగం. కాబట్టి వీధి కొళాయి దగ్గర బిందెల వరసలా ఎవరి వంతు వాళ్ళది, కాకపోతే ఈ వంతులు మైక్రోసెకన్లలో నడుస్తాయి. గాజులో వెలుగు కిలోమీటరు నడవడానికి ఐదు మైక్రోసెకన్లు పడుతుంది. పిన్ని ఇల్లు ఎంత దూరమో కొలుచుకుని ఆమె వంతు నిర్ణయించేదాకా ఆ దీపం మిణుకుతుంది. అదిగో, నిలకడగా పచ్చగా వెలిగింది.

ఫోనులో 192.168.1.1 తెరిచాడు. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాడు. వైఫైకి పిన్ని ఫోన్ నంబరే పాస్‌వర్డ్ పెట్టబోతుంటే ఆపాను. పాలవాడి దగ్గర్నుంచి గ్యాసు కుర్రాడిదాకా తెలిసిన నంబరది. పిన్ని తన చిన్ననాటి వీధి పేరూ, నాన్న పెంచిన గేదె పేరూ, రెండు అంకెలూ కలిపి చెప్పింది. ఇక ఆ తాళం విప్పడం బయటివాళ్ళకి అంత సులువు కాదు. పెట్టె సెట్టింగుల్లోకి వెళ్ళే పాస్‌వర్డ్ కూడా మార్పించాను. చాలామంది దాన్ని కంపెనీ ఇచ్చినట్టే వదిలేస్తారు, వదలకూడదు.

ఇప్పుడు ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగాం. నడవాలో 5 గిగాహెర్ట్జ్ మీద వంద ఎంబీపీఎస్‌కి దగ్గరగా వచ్చింది. పడగ్గదిలో గోడ దాటాక అది తగ్గింది, 2.4 మాత్రం నిలబడింది. ఎక్కువ దూరం పోవడం దాని గుణం. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నప్పుడు అదీ కాస్త తడబడింది, రెండూ దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తాయి. మేడ మీద గదికి స్లాబు అడ్డం, లోపలంతా ఇనప ఊచలు. "అక్కడికి లాన్ కేబుల్ లాగి ఇంకో రూటరు పెట్టాల్సిందే" అన్నాడు. నిజమే చెప్పాడు. కరెంటు పోయినప్పటి కోసం పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి నేనే తెస్తానన్నాను.

మీటరు అంకె, తారీఖు క్యాలెండరు వెనక రాసిపెట్టాను. కుర్రాడు సామాన్లు సంచిలో సర్దుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"పిన్నిగారూ, ఎర్రలైటు వెలిగితే మీరేం పీకొద్దు, ఫోన్ చెయ్యండి. ఆ పచ్చ పిన్ను తుడవొద్దు, కంటి దగ్గర పెట్టుకుని చూడొద్దు. ఇంకోటి, సన్‌షేడ్ కింద తీగ మీద బట్టలు ఆరేయకండి."

"పాతదాని మీద ఆరేసుకోవచ్చా?" అంది పిన్ని.

వాడు కటింగ్ ప్లయరు తీసి, పాత వైరు కత్తిరించి, చుట్ట చుట్టి తీసుకెళ్ళిపోయాడు.