ఎపిఫనీ కెథడ్రల్, డోర్నకల్

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ తెలంగాణలోని చారిత్రక చర్చిల్లో ఒకటి. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) డోర్నకల్ అధ్యక్ష మండలానికి ఇది ప్రధాన దేవాలయం. కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో భద్రాచలం రోడ్ వైపు లైను చీలే జంక్షన్‌గానూ ఈ ఊరు ప్రసిద్ధం.

చరిత్ర: ఈ దేవాలయ నిర్మాణానికి కర్త బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945). తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన, అక్కడివారే 1903లో నెలకొల్పిన ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో ప్రసంగిస్తూ, విదేశీ మిషనరీలు భారతీయులతో సమానులుగా స్నేహం చేయాలని కోరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కాలంలో మాల, మాదిగ పల్లెల నుంచి వేలాది కుటుంబాలు సంఘంలో చేరాయి.

నిర్మాణ శైలి: ఐరోపా చర్చిల నమూనాను అనుకరించకుండా, దక్షిణాది ఆలయాల స్తంభాల తీరునూ మసీదుల గుమ్మటాలు, మినార్ల పోకడనూ కలిపి కట్టారు. క్రైస్తవం ఈ నేలకు పరాయిది కాదన్న అజరయ్య విశ్వాసానికి ఈ కట్టడం బలమైన నిదర్శనం.

ప్రతిష్ఠ: తూర్పు జ్ఞానులు బాలయేసును దర్శించిన సందర్భాన్ని స్మరించే ఎపిఫనీ పండుగ నాడు, 1939 జనవరి 6న, దీనిని ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న మరణించిన అజరయ్య సమాధి డోర్నకల్‌లోనే ఉంది. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఈ అధ్యక్ష మండలం అందులో భాగమైంది.