పది సెంట్ల పుస్తకానికి పది మార్కుల పరీక్ష

1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక అమెరికా దుకాణాల్లోకి వచ్చినప్పుడు దాని వెల పది సెంట్లు. జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృష్టించిన సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించింది అందులోనే. పిల్లలు చదివారు, మడిచి జేబులో కుక్కుకున్నారు, చేతులు మార్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పాత కాగితం పోగుచేస్తుంటే ఇలాంటి పుస్తకాలు కట్టలు కట్టలుగా అందులో కలిసిపోయాయి. అన్నీ తట్టుకుని మిగిలిన ప్రతి ఒకటి 2014లో ఈబేలో 32 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని స్థితికి పడిన గ్రేడు పదికి 9.0.

మొదట్లో గ్రేడంటే అమ్మేవాడి మాటే. కొత్తదానిలా ఉందని ఉత్తరంలో రాసేవాడు; తీరా పార్సిల్ విప్పితే అంచులు నలిగి ఉండేవి. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల గైడు వేశాక, ఒకే సంచికకు దాని స్థితిని బట్టి వేర్వేరు ధరలు కట్టే పద్ధతి స్థిరపడింది. 1977లో కొలరాడోలో ఎడ్గార్ చర్చ్ అనే చిత్రకారుడి ఇంట్లో వేల కామిక్స్ బయటపడ్డాయి. పొడి వాతావరణం, ఒకదానిపై ఒకటి బిగువుగా పేర్చిన దొంతరలు వాటిని దశాబ్దాల పాటు కాపాడాయి. కొన్న వ్యాపారి చక్ రోజాన్‌స్కీ. పాత కాగితం ఇంత తాజాగా మిగలగలదా అని సేకర్తలు ఆశ్చర్యపోయారు.

2000లో సీజీసీ అనే గ్రేడింగ్ సంస్థ మొదలయ్యాక మార్కులు వేసే పని మూడో మనిషి చేతికి వెళ్లింది. పేజీలు లెక్కపెట్టి, ఒకరికి మించి నిపుణులు చూసి, 0.5 నుంచి 10.0 వరకు గ్రేడు ఇచ్చి, అది రాసిన లేబుల్‌తో గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేస్తారు. 2.0 అంటే ‘గుడ్’, 6.0 ‘ఫైన్’, 8.0 ‘వెరీ ఫైన్’, 9.4 ‘నియర్ మింట్’.

గ్రేడింగ్ నేర్చుకునేవాళ్లు ముందు వెన్ను చూడాలి. పుస్తకాన్ని దీపం కింద ఏటవాలుగా తిప్పితే పిన్నుల దగ్గర సన్నని అడ్డగీతలు తేలతాయి. గీత పడినా రంగు పోకపోతే నష్టం తక్కువ. రంగు రాలి తెల్ల కాగితం కనిపిస్తే నష్టం ఎక్కువ. తర్వాత నాలుగు మూలలు, అంచులు, పిన్నుల తుప్పు, చెమ్మ మరకలు. ఆపైన లోపలి కాగితం. చౌక న్యూస్‌ప్రింట్‌లోని లిగ్నిన్, ఆమ్లాల వల్ల అది పసుపెక్కి, చివరకు పెళుసుబారుతుంది.

అట్టను చూసి మురిసిపోతే మోసపోతాం. 1974 నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచికలో వుల్వరిన్ పూర్తిస్థాయిలో తొలిసారి కనిపిస్తాడు. దాని లోపలి పేజీలో పిల్లలు కత్తిరించి అంటించుకోవడానికి తపాలా బిళ్లలాంటి ‘మార్వెల్ వాల్యూ స్టాంప్’ ఉంటుంది. అట్ట మెరిసిపోతున్నా సరే, ఆ ముక్క కోసేసి ఉంటే విలువ కుప్పకూలుతుంది. అందుకే కొనేముందు ప్రతి పేజీ తిప్పి చూడాలి.

మరమ్మతులు ఇంకో ఉచ్చు. అంచు కోసి చదును చేయడం, పోయినచోట రంగు పూయడం కంటికి బాగుంటాయి. కనిపెడితే మాత్రం సీజీసీ పెట్టెకు ఊదారంగు లేబుల్ పడుతుంది, ధర దిగుతుంది. ఇలాంటివి పట్టడానికి అతినీలలోహిత దీపం సాయపడుతుంది.

అభ్యాసానికి మంచి మార్గం ఒకటుంది. సీలు వేసిన ప్రతి దొరికితే లేబుల్‌ను చేత్తో కప్పి, బయటి లోపాలు కాగితం మీద రాసుకుని, మీ అంకె మీరు వేయండి. తర్వాత చెయ్యి తీసి పోల్చండి. కథ మీద మోజు, సంచిక అరుదన్న మురిపెం మార్కుల్లోకి చొరబడకూడదు. అరుదు ధరను పెంచుతుంది కానీ గ్రేడును పెంచదు.

ఈ చూపు మనకూ పనికొస్తుంది. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’ పాత సంచికలు ఇంకా కొందరి ఇళ్లలో ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే చిరుగులకు సెల్లో టేపు అంటించకండి, అట్ట మీద పేరు రాయకండి, ఎండ సోకని పొడిచోట ఆమ్లం లేని అట్టముక్క వెనక పెట్టి భద్రపరచండి. చెడిన కాగితానికి మార్కులు తిరిగి తేగల మందు లేదు.