అయ్యలసోమయాజుల లలిత

అయ్యలసోమయాజుల లలిత (ఆగస్టు 27, 1919 - అక్టోబరు 12, 1979) భారతదేశంలో ఇంజనీరింగు పట్టా పొందిన తొలితరం మహిళలలో ఒకరు. దేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఈమె ప్రసిద్ధురాలు. తెలుగు కుటుంబంలో పుట్టిన లలిత 18 ఏళ్ల వయసులో చంటిబిడ్డతో వితంతువైంది. ఆ తరువాత చదువు కొనసాగించి మద్రాసులోని గిండి ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రురాలైంది. సుమారు మూడు దశాబ్దాల పాటు కలకత్తాలో విద్యుత్ ఇంజనీరుగా పనిచేసింది. ఈ రంగంలోకి మహిళలు మరింతమంది రావాలని అంతర్జాతీయ వేదికల ద్వారా కృషి చేసింది.

బాల్యం, వివాహం

లలిత మద్రాసులో జన్మించింది. తండ్రి పప్పు సుబ్బారావు గిండి ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్యుడు. ఏడుగురు సంతానంలో లలిత ఐదవది. సోదరులు ఇంజనీర్లు కాగా, ఆడపిల్లల చదువు మాత్రం ప్రాథమిక స్థాయికే పరిమితమైంది. ఆ కాలంలో విద్యావంతుల ఇళ్లలో కూడా ఇదే పద్ధతి ఉండేది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లల కనీస వివాహ వయస్సును 14 సంవత్సరాలుగా నిర్ణయించింది. 1934లో లలితకు వివాహం జరిగింది. అప్పటికి ఆమె వయస్సు 15 సంవత్సరాలు. పెళ్లి అయినా చదువు మానరాదని తండ్రి పట్టుబట్టడంతో ఆమె పాఠశాల విద్య పూర్తిచేసింది.

1937లో లలితకు కుమార్తె పుట్టింది. మరో నాలుగు నెలలకే భర్త మరణించాడు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి (1881) అప్పటికి అర్ధ శతాబ్దం గడిచినా, సంప్రదాయ కుటుంబాలలో వితంతువులపై కట్టుబాట్లు సడలలేదు. శుభకార్యాలకు దూరంగా, ఇంటికే పరిమితమై, ఇతరులపై ఆధారపడి బ్రతకవలసిన స్థితి వారిది. లలిత పుట్టింటికి తిరిగి వచ్చి, తన కాళ్లపై తాను నిలబడాలని నిశ్చయించుకొంది. మద్రాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది.

ఇంజనీరింగు విద్య

ఆనాడు ఉన్నత చదువు చదివే స్త్రీలకు వైద్య వృత్తి కొంత పరిచితమైనది. కాని వేళకాని వేళల్లో పసిబిడ్డను విడిచి వెళ్లవలసి వస్తుందని లలిత దానిని కోరుకోలేదు. నిర్దిష్టమైన పనివేళలు గల వృత్తి కావాలనుకొని, తండ్రి, సోదరుల మార్గంలో ఇంజనీరింగును ఎన్నుకొంది.

1794లో సర్వే పాఠశాలగా మొదలైన గిండి కళాశాలలో అంతవరకు మహిళలు చదవలేదు. సుబ్బారావు తన కుమార్తె విషయమై ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడాడు. చాకో అంగీకరించగా, విద్యాశాఖ సంచాలకుడు ఆర్.ఎం. స్టాథామ్ అనుమతి కూడా లభించింది. 1940లో లలిత నాలుగేళ్ల ఎలక్ట్రికల్ ఇంజనీరింగు కోర్సులో చేరింది.

వందలాది విద్యార్థుల మధ్య ఆమె ఒక్కతే స్త్రీ. తోటి విద్యార్థుల వల్ల ఆమెకు ఇబ్బంది కలుగలేదు. అధికారులు ఆమెకు విడిగా వసతి ఏర్పాటు చేశారు. కుమార్తె బంధువుల ఇంట్లో పెరుగుతుండగా, లలిత వారాంతాలలో వెళ్లి చూసి వచ్చేది. అయితే వసతిగృహంలో తోడు లేకపోవడం ఆమెను బాధించింది. దీనితో మరికొందరు మహిళలను చేర్చుకొనేందుకు తండ్రి చొరవ తీసుకొన్నాడు. మరుసటి ఏడాది పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి అనే ఇద్దరు యువతులు సివిల్ ఇంజనీరింగులో చేరారు.

లలిత 1943లో చదువు పూర్తిచేసింది. కళాశాల ముద్రించిన పట్టాలన్నీ పురుషులను ఉద్దేశించినవే. అందువల్ల లలిత పట్టాలో 'అతడు' అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాన్ని కొట్టివేసి, 'ఆమె' అనే అర్థమిచ్చే పదాన్ని చేతితో వ్రాయవలసి వచ్చింది.

ఉద్యోగ జీవితం

పట్టా పొందేందుకు ఆచరణాత్మక శిక్షణ అవసరం. ఇందుకోసం లలిత బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక సంవత్సరం అప్రెంటిస్‌గా పనిచేసింది. 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగు సహాయకురాలిగా చేరింది. అక్కడ సోదరుని కుటుంబంతో కలిసి ఉండడం వల్ల కుమార్తె పెంపకానికి ఇబ్బంది లేకపోయింది. ఇదే కాలంలో లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణురాలైంది.

1946లో ఆ ఉద్యోగం విడిచి, తండ్రి పరిశోధనలలో కొంతకాలం సహాయపడింది. విద్యుత్తుతో పనిచేసే సంగీత వాద్యం, పొగరాని పొయ్యి వంటివి ఆయన రూపొందించిన పరికరాలు. ఆర్థిక అవసరాల వల్ల లలిత 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ సంస్థలో చేరింది. విద్యుత్ సరఫరా లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల నమూనాలు, రక్షణ పరికరాలు ఆమె పనిలో ముఖ్యమైనవి. స్వతంత్ర భారతదేశపు తొలి భారీ నిర్మాణాలలో ఒకటైన భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనులలో కూడా ఆమె పాలుపంచుకొంది. కాలక్రమంలో ఆ సంస్థ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో విలీనమైంది. లలిత అక్కడే 1977లో పదవీ విరమణ చేసింది.

అంతర్జాతీయ గుర్తింపు

లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ ఈమెను 1953లో అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా చేర్చుకొంది. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమ్మేళనం జరిగింది. అప్పటికి భారతదేశంలో మహిళా ఇంజనీర్లకు సంఘం లేదు. అందువల్ల లలిత వ్యక్తిగత హోదాలో హాజరైంది. 1965లో బ్రిటన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యత్వం పొందింది. లలిత పుట్టిన 1919లోనే ఆ సంఘం కూడా ఏర్పడింది.

1967 జూలైలో కేంబ్రిడ్జిలో జరిగిన రెండవ సమ్మేళనానికి లలిత భారతదేశంలో ప్రతినిధిగా వ్యవహరించింది. పత్రికల ద్వారా ఆ సమ్మేళనం గురించి ప్రచారం చేసి, దేశంలోని మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు పాల్గొనాలని ప్రోత్సహించింది. ఫలితంగా భారతదేశం నుండి ఐదుగురు మహిళలు హాజరయ్యారు. మూడేళ్ల క్రితం ఆమె ఒంటరిగా వెళ్లిందన్న విషయం గుర్తుంచుకొంటే ఈ సంఖ్యకు గల విలువ తెలుస్తుంది.

పదవీ విరమణ తరువాత దక్షిణ భారతదేశంలో ప్రయాణిస్తూ తన సోదరితో కొంతకాలం గడిపింది. 1979 అక్టోబరు 12న 60 ఏళ్ల వయసులో మరణించింది.

ప్రాముఖ్యత

లలిత ప్రతిభ, పట్టుదల నిస్సందేహమైనవి. అయితే ఆమె జీవితాన్ని పరిశీలిస్తే, ప్రతిభతో పాటు మూడు ఆధారాలు కనిపిస్తాయి.

* కుటుంబం: తండ్రి కళాశాలలో ఆచార్యుడు కావడం వల్ల ఆమె తరఫున అడగగలిగాడు. అదే కోరిక గల వేరొక వితంతువుకు ప్రిన్సిపాల్ వద్దకు వెళ్లే దారి కూడా ఉండేది కాదు.
* పిల్లల సంరక్షణ: చదివే రోజుల్లో, సిమ్లాలో ఉన్న రోజుల్లో బంధువులు బిడ్డను చూసుకొన్నారు.
* విద్యాసంస్థ: నియమం లేదనే కారణంతో నిరాకరించక, ప్రవేశంతో పాటు వసతి కూడా కల్పించింది.

ఒక్కరికి తెరచిన తలుపు తరువాతి వారికి కూడా ఉపయోగపడింది. లలితకు తోడుగా చేరిన త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖ చీఫ్ ఇంజనీరై, భారతదేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళగా గుర్తింపు పొందింది.

తరువాతి కాలంలో ప్రభుత్వాలు చేపట్టిన పథకాలు ఈ ఆధారాలను అదృష్టానికి వదలక, అందరికీ అందుబాటులోకి తేవడానికి చేసిన ప్రయత్నాలుగా చెప్పవచ్చు. కుటుంబ బాధ్యతల వల్ల పరిశోధన మధ్యలో ఆపిన మహిళలు తిరిగి చేరేందుకు కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం ప్రత్యేక పథకం నడిపింది. పాఠశాల స్థాయిలో బాలికలను విజ్ఞానశాస్త్రాల వైపు ప్రోత్సహించేందుకు 2019లో విజ్ఞాన్ జ్యోతి మొదలైంది. ఐఐటీలలో బాలికలకు అదనపు సీట్లను 2018లో ప్రవేశపెట్టి, వారి వాటా 2018లో 14, 2019లో 17, 2020లో 20 శాతం ఉండేలా లక్ష్యాలు నిర్ణయించారు. ఉన్న సీట్లను తగ్గించకుండా కొత్త సీట్లు కలపడం ఈ విధానపు ప్రత్యేకత.

అయినా కళాశాలలో చేరిన అమ్మాయిలందరూ వృత్తిలో కొనసాగడం లేదు. వివాహం, ప్రసవం, బదిలీలు, సంరక్షణకు మనిషి లేకపోవడం వంటి కారణాలు నేటికీ అనేకులను మధ్యలోనే ఆపుతున్నాయి. లలిత కాలంలో కళాశాల ప్రవేశమే పెద్ద అడ్డంకి కాగా, తరువాతి తరాలకు వృత్తిలో నిలవడం ప్రధాన సమస్యగా మారింది. చంటిబిడ్డ తల్లిగా చదువు మొదలుపెట్టి, దాదాపు 30 ఏళ్లు ఒకే వృత్తిలో నిలిచిన లలిత జీవితం ఈ రెండు విషయాలలోనూ పరిశీలించదగినది.

ఇవి కూడా చూడండి

* గిండి ఇంజనీరింగు కళాశాల
* కందుకూరి వీరేశలింగం
* శారదా చట్టం
* పి.కె. త్రేసియా